రెండు పళ్ళు, పది నిమిషాలు

మా అక్క మంగళవారం మధ్యాహ్నం పోయింది. అక్క అంటే తోబుట్టువు కాదు, హైటెక్ సిటీలో నేను పనిచేసే ఆఫీసులో ఒకప్పటి మా టీమ్ లీడ్. ఉదయం షిఫ్టు ముగించుకుని స్కూటీ మీద గోపన్‌పల్లిలోని ఇంటికి పోతుంటే, ఊరి మలుపులో టిప్పర్ గుద్దింది. నాకా రోజు వారపు సెలవు. మూసాపేటలో మా వాటాలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. టీమ్‌లో ఒక పిల్ల ఫోన్ చేసి, "అన్నా, అక్క పోయింది" అని గొల్లుమంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న చెబితే మీరు నన్ను చీదరించుకుంటారు. "వీడియో బయటికొచ్చిందా?" అన్నాను.

మా ఉద్యోగం అలాంటిది. జనం ఫోన్లలో తీసి పెట్టే వీడియోల్లో, ఇది ఘోరంగా ఉంది తీసెయ్యండి అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, అది మా ముందుకొస్తుంది. ఉంచాలా, తీసెయ్యాలా, హెచ్చరిక పెట్టి వదలాలా అని మేం చెప్పాలి. చెప్పాలంటే చూడాలి. కత్తిపోట్లు, ఉరితాళ్ళు, రాడ్లతో కొట్టడాలు, నోరులేని జంతువులను నలిపెయ్యడాలు. పిల్లల మీద జరిగేవి కూడా ఉంటాయి, వాటి గురించి రాయను. రోజుకు ఎనిమిది గంటలు, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, జీతానికి చూస్తాం. ఫోన్ వచ్చిన గంటలోపే అక్క ప్రమాదం వీడియో మా గ్రూపులోకి వచ్చింది. ఇన్నేళ్ళు ఎవరెవరి చావులో చూసిన నేను దాన్ని తెరవలేదు. పై అంతస్తులో ఎవరో ఒక కుర్రాడు అదే రోజు దాన్ని చూసి నొక్కాల్సిన బటన్ నొక్కి ఉంటాడు.

ఈ పనికి కంపెనీ ఒక సౌకర్యం ఇచ్చింది. భోజనం టైం కాకుండా, రెండు గంటలకోసారి పది నిమిషాలు తెర ముందు నుంచి లేవచ్చు. వెల్‌నెస్ బ్రేక్ అంటారు. మేం చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో పదకొండో పేజీలో ఉంది. చదివినవాళ్ళు లేరు, తీసుకునేవాళ్ళు అంతకన్నా లేరు. లేస్తే టార్గెట్ పడిపోతుంది, టార్గెట్ పడితే రేటింగ్ పడుతుంది. కాబట్టి ఎడంచేత్తో మౌసు, కుడిచేత్తో ముద్ద. పెరుగన్నం తింటూ మనిషిని నరకడం చూసిన రోజులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి.

చేరిన నాలుగో రోజు అనుకుంటాను, నేనలాగే తింటున్నాను. వీపు మీద ఫెడీమని దెబ్బ పడింది. తిరిగి చూస్తే ఈమె. పొట్టి మనిషి, మెడలో ఐడీ కార్డు, చేతిలో స్టీలు స్కేలు. ఆ స్కేలుతో ఆఫీసు పనేదీ చేసినట్టు నేనెప్పుడూ చూడలేదు.

"ఏం సూసినవ్ గిప్పుడు?"

"ఒకతన్ని సుత్తితో..." అన్నాను, నోట్లో ముద్ద పెట్టుకునే.

"సూసుకుంట బుక్కుతున్నవా? లే. పో, చేతులు కడుక్కో. మోచేతుల దాంక."

"భోంచేసి కడుక్కుంటానండి."

"అండి గిండి నా తాన చెల్లదు. లేస్తవా, ఇంకోటి ఇయ్యాల్నా?"

లేచాను. కడుక్కొచ్చాక కిటికీ దగ్గర కుర్చీ చూపించి, తెరలకు వీపు పెట్టి కూర్చోమంది. ఖాజాగూడ వైపు బండరాళ్ళు కొన్ని ఇంకా మిగిలి కనబడుతుంటాయి అక్కడి నుంచి. వాటిని చూస్తూ మిగిలిన అన్నం తిన్నాను. దాని రుచి నాకు తెలిసింది. తెలిసినందుకు ఏడుపొచ్చింది కూడా.

వాళ్ళ నాన్నది గోపన్‌పల్లిలో మటన్ కొట్టు. ఊరు ఊరుగా ఉన్నప్పటి నుంచీ ఉంది, ఇప్పుడు అపార్టుమెంట్ల నడుమ తమ్ముడు నడుపుతున్నాడు. కొట్టులో ఒక కట్టుబాటు ఉండేదట. ఒక మేక పని అయిపోగానే కత్తి కింద పెట్టి, మోచేతుల వరకు కడుక్కుని, మాంసానికి వీపు పెట్టి కూర్చుని ఛాయ్ తాగాలి. ఎంత గిరాకీ నిలబడి ఉన్నా సరే. "కత్తి పట్టుకొని బువ్వ తినేటోడు ఇగ మనిషి గాదు బిడ్డా అనేటోడు మా నాయన. ఆడ మేకలు. ఈడ మనుషులాయె. మనమెంత కడుక్కోవాలె?" అనేది. ఈ మాట ఆమె ప్రతి కొత్తవాడికీ చెప్పేది, స్కేలు దెబ్బ తర్వాత.

కంపెనీ ఇంగ్లీషులో రాసిన హక్కును ఆమె మటన్ కొట్టు భాషలోకి తెచ్చుకుంది. ఎవరైనా మేనేజర్ "అంత అవసరమా ఇప్పుడు?" అంటే, "ఇది మీరేసే బిచ్చం గాదు సార్, పదకొండో పేజీ" అనేది. ఫ్లోర్ మీద చాలామంది ఆమెను వెనకాల పదకొండో పేజీ అనే పిలిచేవాళ్ళు. ఆమెకు తెలుసు, సంబరపడేది.

సాధువని మాత్రం అనుకోకండి. ఆమెకు కోపం ముందు పుట్టి తర్వాత ఆమె పుట్టింది. మాలో సగం మందికి మాంసం మానేసే గతి పట్టింది గానీ, ఆమె జొన్నరొట్టెల్లోకి తలకాయ కూర తెచ్చుకుని ఎముకలు కొరికేది. నా గోంగూర పప్పు చూసి, "మీ ఆంధ్రోల్లకు పప్పుల గూడ పులుపు లేంది ముద్ద దిగదు" అని, అదే పప్పు సగం లాక్కునేది. ఒకసారి భోజనాల గదిలో పక్క టీమ్ కుర్రాడు, రైలు కింద పడ్డ మనిషి వీడియో ఫోన్లో దాచుకొచ్చి నవ్వుతూ అందరికీ చూపిస్తున్నాడు. ఆమె వెళ్ళి చెంప పగలగొట్టి, ఫోన్ లాక్కుని సాంబారు బకెట్లో వేసింది. ఫిర్యాదు వెళ్ళింది. క్షమాపణ చెప్పమన్నారు. "ఫోనుకు చెప్త. వానికి చెప్ప" అంది. ఆ కుర్రాడే తర్వాత మా టీమ్‌లోకి మార్పించుకున్నాడు.

ఇంతటి మనిషి ఒక తప్పు చేసింది. స్మృతి రాస్తూ తప్పులు ఎత్తకూడదంటారు. ఇది ఎత్తకపోతే ఆమె ఎవరో మీకు తెలియదు.

ఎక్కడో ఒక పట్టణంలో అల్లర్లు జరిగాయి. వీడియోలు వరదలా వచ్చి పడ్డాయి. మా మేనేజర్ లీడ్లందరినీ కూర్చోబెట్టి, "గైస్, క్యూ క్లియర్ అవ్వాలి, బ్రేకులు కూడా రికార్డులో పడాలి, ఆడిట్ ఉంది, ఎలా చేస్తారో మీ ఇష్టం" అన్నాడట. రెండూ ఒకేసారి అయ్యేందుకు ఒకటే దారి. లీడ్ తన సీటు నుంచే మా పేర్ల మీద బ్రేకు వేస్తుంది. మేం మాత్రం లేవకుండా చూస్తూనే ఉంటాం. రికార్డులో మేం విశ్రాంతిగా ఉన్నట్టే.

అక్క వేసింది. మూడు వారాలు వేసింది. ఆ మూడు వారాలు ఆమె మా సీట్ల వైపు రాలేదు, స్కేలు సొరుగులోంచి తీయలేదు. నేను సంతోషించాను, అబద్ధమెందుకు. లేపేవాళ్ళు లేరు, టార్గెట్ పెరుగుతోంది, ఈసారి రేటింగ్ నాదే అనుకున్నాను. ఇంట్లో మాత్రం కుక్కర్ కూతకు ఉలిక్కిపడి లేచి నిలబడేవాణ్ణి. ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైందని కంచం గోడకేసి కొట్టాను. మా ఆవిడ మెతుకులు ఎత్తి, వారం రోజులు పుట్టింట్లో ఉండొస్తానని వెళ్ళింది.

చివరి వారంలో ఒక వీడియో వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని అనుమానించి ఒక మనిషిని గుంపు చంపుతుంది. అదే చావు పదిమంది పది ఫోన్లలో తీశారు, పదీ నాకే వచ్చాయి. ఒక్కోదాంట్లో ఒక్కో వైపు నుంచి కర్ర పడుతుంది. అన్నింట్లోనూ అతను మంచినీళ్ళు అడుగుతాడు. ఎన్నోదో చూస్తున్నాను. చెవుల నిండా ఆ కేకలు. ఎవరిదో చెయ్యి నా భుజం మీద పడింది.

లేచి కొట్టాను. చేతిలో స్టీలు నీళ్ళసీసా ఉంది. దాంతోనే మొహం మీద కొట్టాను. ఆమె కుర్చీ మీద పడింది. అప్పుడు అది అక్క అని నాకు కనబడింది. కనబడ్డాక కూడా ఇంకోసారి కొట్టాను. ఈ రెండో దెబ్బ గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అందరూ రెండూ ఒకటే ఊపులో పడ్డాయనుకున్నారు. కాదు. మధ్యలో నేను ఆమెను గుర్తుపట్టాను.

పై పెదవి చీలి చున్నీ తడిసిపోయింది. రెండు పళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. ముగ్గురు నా మీద పడి చేతులు విరిచి పట్టుకున్నారు. ఆమె నోరు చేత్తో అదుముకుని, నెత్తురులోంచి అన్న మాట నాకు వినబడింది. "ఆగుండ్రి, గుంజకుండ్రి. కూసోబెట్టుండ్రి వాన్ని."

ఇగ చాలు, లేచి ఇంత తినమని చెప్పడానికే ఆమె మూడు వారాల తర్వాత నా దగ్గరికి వచ్చిందని తర్వాత తెలిసింది.

విచారణ పెట్టారు. అద్దాల గదిలో ముగ్గురు పెద్దమనుషులు, బల్ల మీద నా రికార్డు. అందులో నేను ఒక్క బ్రేకు కూడా వదల్లేదు. టైముకు లేచాను, టైముకు కూర్చున్నాను. అంటే కడుపునిండా తిని, కావలసినంత విశ్రాంతి తీసుకుని, ఒక ఆడమనిషి పళ్ళు రాలగొట్టానన్నమాట. ఉద్యోగం ఊడుతుంది, పోలీసు కేసు పెడతాం అన్నారు. కేసు పడితే ఈ ఊళ్ళో మరే కంపెనీ లోపలికి రానివ్వదు. అవి వట్టి బ్రేకులని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే అక్క మెడకు చుట్టుకుంటుంది. కొట్టిందీ నేనే, ఇరికించేదీ నేనేనా అని ఊరుకున్నాను.

తలుపు తోసుకుని ఆమే వచ్చింది. మూతికి కుట్లు, మాట సగం గాలి.

"ఆ బ్రేకులు దొంగవి. నేనే ఏసిన, నా సీట్ల కూసోని. మూడు వారాలు ఈ పిల్లగాడు లేవలే. నేను లేవనియ్యలే."

"మీ మీద మీరే చెప్పుకుంటున్నారు మేడమ్, అర్థమవుతోందా?" అన్నాడు ఒకాయన.

"మూతి పగిలింది సార్, అకల్ పోలే" అంది.

ఆమెను లీడ్ పని నుంచి దించేశారు. మాతో పాటు సీట్లో కూర్చుని వీడియోలు చూసే పనికి పంపారు. నాకు హెచ్చరిక ఇచ్చి వదిలేశారు. ఆ తర్వాత రెండు నెలలకు ఒక మార్పు వచ్చింది. బ్రేకు టైముకు తెర తనంతట తానే ఆగిపోతుంది, పది నిమిషాలు నిండేదాకా తెరుచుకోదు, ఒకరి బ్రేకు మరొకరు వెయ్యడానికి వీల్లేదు. టార్గెట్‌లోంచి ఆ నిమిషాలు తీసేశారు కూడా. కంపెనీ వాళ్ళు దాన్ని కొత్త సదుపాయమని మెయిల్ పెట్టి చప్పట్లు కొట్టించుకున్నారు. మా ఫ్లోర్‌కు మాత్రం తెలుసు, అది అక్క రెండు పళ్ళు.

ఆమె సెలవులో ఉండగా ఒకరోజు బత్తాయిలు పట్టుకుని వెళ్ళాను. కొట్టు వెనకే ఇల్లు. కాళ్ళ మీద పడబోతే స్కేలు లేకుండానే వీపు మీద ఒకటి వేసింది.

"తప్పయిపోయిందక్కా."

"అయింది. నాది గూడ అయింది. నువ్వు కొట్టినవ్, కొట్టేటట్టు చేసింది నేను."

"నన్ను క్షమించానని ఒక్క మాట అను."

"అన. నొస్తుంది. నొచ్చినన్ని దినాలు తిడత. తిట్లు పడుకుంట ఈడ కూసో. బత్తాయిలు నమలరాదు, రసం తీసియ్యి."

తీసిచ్చాను. అన్నంత పనీ చేసింది, రెండేళ్ళు తిట్టింది. కట్టుడు పళ్ళు సరిగా కుదరక చెక్కలు కొరికినప్పుడల్లా నన్ను, నేను పుట్టిన జిల్లాను కలిపి తిట్టేది. తిడుతూనే తమ్ముడి చేత మా ఇంటికి మటన్ పొట్లాలు కట్టించి తెచ్చేది, పక్క సీట్లో కూర్చుని, తెర ఆగగానే ముందు నన్ను లేపేది. మనిషి మీద కోపం ఉంచుకుని కూడా అతన్ని కూర్చోబెట్టి అన్నం తిననివ్వచ్చని నేను ఆమె దగ్గరే చూశాను. అది నాకు అబ్బిందా అంటే, మంగళవారం దాకా తెలియలేదు.

ఆ సాయంత్రం అక్క తమ్ముడు ఫోన్ చేసి, కాగితాలు చదవడానికి ఎవరైనా ఉంటే బాగుంటుంది, స్టేషన్‌కు రమ్మన్నాడు. వెళ్ళేసరికి టిప్పర్ డ్రైవర్ గోడకు ఆనించి నేల మీద ఉన్నాడు. మలుపు దగ్గర జనం అప్పటికే అతన్ని కుళ్ళబొడిచారు. ఒక కన్ను మూసుకుపోయింది, చెవి తెగి చొక్కా భుజం దాకా నల్లబడింది. అక్క తమ్ముడు రోజంతా కత్తి ఆడించే మనిషి. మా కళ్ళ ముందే వెళ్ళి గుండెల మీద తన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు పట్టుకుంటే గానీ ఆగలేదు. నేను అడ్డం వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే నా పిడికిలి కూడా బిగిసింది. ఎక్కడ కొడితే ఎలా ఉంటుందో నాకు తెలిసినంత ఆ గదిలో ఎవరికీ తెలియదు.

దగ్గరికి పోయి నిలబడ్డాను. అతను మంచి కన్నెత్తి చూసి, దెబ్బ కోసం తల పక్కకు తిప్పుకున్నాడు. కొట్టడానికి వెళ్ళినవాణ్ణి, అడిగాను.

"ఎప్పుడు పడుకున్నావ్?"

"నిన్న పొద్దుగాల బండెక్కిన సారు. దిగలే. ఒక బన్ను తిన్న. దిగితే బండి ఇంకొగనికి ఇస్తనన్నడు సేటు. కండ్లు మూతలు పడ్డయి సారు, నాకు తెల్వనే తెల్వదు."

బండి యజమాని తరఫు మనిషి అప్పటికే ఎస్సై బల్ల మీద డ్యూటీ కాగితం పెట్టి ఉన్నాడు. అందులో ఇద్దరు డ్రైవర్లున్నారు. ఒకరు దిగిన టైముకు మరొకరు ఎక్కారు, ఇద్దరికీ భోజనం ఉంది, విశ్రాంతి ఉంది. రెండు సంతకాలూ ఒకే చేతివి. నాకు ఒళ్ళు మండిపోయింది. అలాంటి కాగితంలో నేనూ ఒకప్పుడు హాయిగా విశ్రాంతి తీసుకున్నవాణ్ణే.

"సార్, రెండో డ్రైవర్ లేడంటున్నాడు. నిన్న పొద్దుటి నుంచి దిగలేదంటున్నాడు. అది కూడా రాయండి" అన్నాను.

ఎస్సై పెన్ను ఆపాడు. "మీరు చనిపోయినామె తరఫా, ఇతని తరఫా?"

"ఆమె తరఫేనండి. రాయండి."

అక్క తమ్ముడు నా కాలర్ పట్టుకుని గోడకు కొట్టాడు. చెంప మీద పడిన దెబ్బకు చెవి గుయ్యిమంది. "మా అక్కను సంపినోని దిక్కు మాట్లాడ్తున్నవా? దినాం మా అక్క బువ్వ తిన్నవ్ కదరా ఆఫీసుల!"

"వీణ్ణి నేనూ వదలనన్నా. జైలుకు పోనీ. కానీ వీణ్ణి దిగనివ్వనివాడు కూడా పోవాలి."

"నీకేం తెలుస్తది? నీ అక్కనా పోయింది?"

"అక్క పళ్ళు ఎట్లా పోయాయో నీకేం చెప్పింది?" అని అడిగాను.

"ఆఫీసు మెట్ల మీద జారిపడ్డది. గదెందుకిప్పుడు?"

"జారిపడలేదు. నేను కొట్టాను. సీసాతో, రెండుసార్లు. రెండోసారి ఆమేనని తెలిసే కొట్టాను. అప్పుడు నేనూ వీడిలాగే, మూడు వారాలు సీట్లోంచి లేవలేదు. నోట్లోంచి నెత్తురు కారుతుంటే నన్ను కూర్చోబెట్టమంది."

అతని చెయ్యి నా కాలర్ మీదే ఉండిపోయింది. ఇప్పుడు చంపేస్తాడనుకున్నాను. చంపినా న్యాయమే అనిపించింది. నా మొహంలోకి చాలాసేపు చూశాడు, తను రెండేళ్ళు ఎవరికి మటన్ పొట్లాలు కట్టి పంపాడో అప్పుడే తెలిసినట్టు. తర్వాత ఇంకొకటి కొట్టాడు, మొదటిదానికన్నా గట్టిగా. కాలర్ వదిలేసి ఎస్సై వైపు తిరిగి, "రాయుండ్రి సార్. వాడు చెప్పేది గూడ రాయుండ్రి" అన్నాడు.

ఎస్సై గొణుక్కుంటూ డ్రైవర్ మాటలు రాయడానికి కాగితం తీశాడు. యజమాని మనిషి ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. అక్క తమ్ముడు పెద్ద పెద్ద అంగలతో గోడ వైపు వెళ్ళాడు. కానిస్టేబుళ్ళు మళ్ళీ లేచి నిలబడ్డారు.

డ్రైవర్ చేతిలో ఎవరో ఒక అరటిపండు పెట్టినట్టున్నారు. సగం ఒలిచి, ఒక కొరుకు కొరికి, అది నోట్లో ఉండగానే నిద్రపోయాడు. తల మోకాలి మీదికి వాలిపోయింది. తెగిన చెవి మీద ఈగ వాలింది. అక్క తమ్ముడు పిడికిళ్ళు బిగించి అతని మీదికి వంగి నిలబడ్డాడు. ఎస్సై రెండుసార్లు పేరు పిలిచాడు, పలకలేదు. లేపమంటారా సార్ అని కానిస్టేబుల్ అక్క తమ్ముణ్ణి చూసి అడిగాడు. అక్క తమ్ముడు చెయ్యి చాపి ఈగను తోలాడు.